దగ్గే పేరైన ఊరు

ఈ భూమ్మీద ఒక ఊరి పేరు దగ్గు. అక్షరాల్లో రాయడం కుదరదు, గొంతులోంచి రావలసిందే. సరే, సర్కారువారి బోర్డు మీద వేరే పేరుంది, అంతవరకూ ఒప్పుకోక తప్పదు. కానీ బోర్డు చూసి బస్సెక్కేదెవరు?

ఈ ఘనత మైకు అత్తయ్యది. జంక్షన్ బస్టాండులో, అద్దాల గదిలో కూర్చుని, ఇరవై ఆరేళ్లుగా ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో చెప్పేది ఆవిడే. సొంత ఊరి బస్సుకు మాత్రం గొంతులో కాస్త బెల్లం కలిపేది.

ఆ ఊరికి పేరు మారింది. మార్పించిన కమిటీకి ఆవిడ మరిదే పెద్ద.

"పాత పేరు ఎక్కడ చెప్పినా నవ్వుతున్నారు వదినా!"

"నిన్ను చూసి నవ్వుతుంటే ఊరి మీదికి తోస్తావేంటయ్యా?"

మొదటి రోజు అలవాటు కొద్దీ పాత పేరే చెప్పింది. మేనేజరు మెమో ఇచ్చాడు. రెండో రోజూ నోరు జారింది.

"ఇంకోసారి ఆ పేరు వినబడితే పార్సిల్ గదికి పంపేస్తానమ్మా" అన్నాడు మేనేజరు.

పార్సిల్ గదిలో మైకుండదు. 

మూడో రోజు బుద్ధిగా కొత్త పేరు చదివింది. బెంచీల మీద ఒక్కరూ కదల్లేదు. బస్సు తన డ్రైవరునూ కండక్టరునూ మోసుకుని వెళ్లిపోయింది. కాసేపటికి అరవైమంది అద్దం మీద పడ్డారు.

"మా బస్సేదమ్మా?"

"ఇప్పుడే వెళ్లింది."

"అది ఎవరి ఊరిదో అనుకున్నాం!"

తరవాతి బస్సుకు కొత్త పేరు చెప్పిందో లేదో, పాతది నాలుక చివరికి వచ్చేసింది. చూస్తే గుమ్మంలో మేనేజరు. గుటుక్కున మింగింది. అది కాస్తా అడ్డం తిరిగి, దగ్గై, నాలుగు స్పీకర్లలోనూ మోగింది.

"అంత కష్టంగా మింగిందంటే మన ఊరే, పదండి!" అని ఓ ముసలావిడ సంచి భుజాన వేసుకుంది. అరవైమందీ లేచారు.

ఆనాటి నుంచీ కొత్త పేరు, వెంటనే దగ్గు. నెల తిరిగేసరికి కండక్టరు "ఎక్కడికి?" అంటే జనం దగ్గేవారు, టిక్కెట్టు చిరిగేది. నిజంగా జలుబు చేసి వేరే ఊరు వెళ్లేవాళ్ల అవస్థ పగవాడికి కూడా వద్దు. కమిటీ మరిది సైతం ఓ రోజు హడావుడిలో దగ్గేశాడు.

చివరికి పైనుంచి విచారణ అధికారి దిగాడు. పక్కనే మేనేజరు, పార్సిల్ గది తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు.

"పాత పేరు బదులు దగ్గుతున్నారట?" అన్నాడు అధికారి.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుంది.

"ఎవరండీ అన్నది? ఇరవై ఆరేళ్లలో ఈ మైకు ముందు నేను దగ్గిన పాపాన పోలేదు. పాత పేరంటారా? ఆ ఊరికి అలాంటిదొకటి ఉందని మీరు చెబితేనే వింటున్నా."