గుమ్మం ముందు చల్లిన పిండి

మొన్న ఇక్కడ కెనడాలో, మిల్టన్‌లోని మా ఇంట్లో ఇడ్లీ పిండి పొంగి గట్టంతా పారింది. తుడుస్తుంటే ఆ పులుపు వాసనకి, ఒకప్పుడు నేను అద్దెకున్న బ్రాంప్టన్ బేస్‌మెంటూ, పైన ఉండే ఇంటి ఓనరు ఘనా ఆంటీ గుర్తొచ్చారు. మన పిల్లలు విమానాల నిండా చదువుకి దిగుతున్న రోజులవి. కింద ఉన్న ఐదుగురిలో ముప్పై నాలుగేళ్లకి కాలేజీలో చేరినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని అందరికీ అక్కని, చీపురుకీ నేనే దిక్కు.

ఆ ఏడు మే నెలలో, నన్ను పెంచిన అమ్మమ్మ పోయింది. స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు. ఇండియా వెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనని ఆగిపోయాను. ఏడుద్దామన్నా ఐదుగురికి ఒకటే బాత్‌రూమ్, ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు. ఆవిడ పేరున ఒక్క ముద్ద కూడా పెట్టలేకపోయానన్న బాధ లోపలే ఉండిపోయింది.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున పైకి వస్తే, ఆంటీ గుమ్మం ముందు ఉడికిన మొక్కజొన్న పిండి చెల్లాచెదురుగా పడి ఉంది. "అక్కా, రకూన్లు గార్బేజ్ బ్యాగ్ చించేసినట్టున్నాయి, క్లీన్ చేసేద్దామా?" అంది రూమ్మేటు. మంచి పేరొస్తుందని ఊడ్చి, నీళ్లు కొట్టి, ముగ్గొక్కటే తక్కువన్నట్టు చేశాను. తలుపు తీసిన ఆంటీ నా చీపురు చూసి మెట్టు మీద కూలబడ్డారు.

అది హోమోవో అట, ఘనాలో 'గా' అనే వాళ్ల జాతి పండగ. ఒకప్పుడు కరువు తీరి పంట చేతికొచ్చినప్పుడు, ఆకలిని గేలి చేస్తూ మొదలైందట. పులియబెట్టిన పిండిని ఆవిరి మీద ఉడికించి, పామాయిలు కలిపి, పోయినవాళ్ల కోసం ఇంటికి పెద్దైనవారు నేల మీద చల్లాలి. ఆ పెద్ద, ఆంటీ భర్త, అంతకుముందు చలికాలంలోనే పోయారు. ఆయన కోసం ఆవిడ మొదటిసారి తన చేత్తో చల్లినదాన్ని నేను తీసుకెళ్లి తడిచెత్త వేసే గ్రీన్ బిన్‌లో పడేశాను.

సిగ్గుతో చచ్చిపోయాను. సారీలు చెబుతూ చెబుతూ, మేమూ పెద్దలకి ఇలాగే ముద్ద పెడతామనీ, అమ్మమ్మకి నేను పెట్టలేదనీ, అడగనిది కూడా చెప్పేశాను. ఆంటీ లేచి లోపలికెళ్లారు. ఇక గది ఖాళీ చేయమంటారనుకున్నాను. మిగిలిన పిండి గిన్నెతో తిరిగొచ్చి, "మా ఆయన ఒంటరిగా తినే మనిషి కాదు. మీ అమ్మమ్మనీ పిలువు" అన్నారు ఇంగ్లీషులో. నేను పిండి చల్లి, అమ్మమ్మ పేరు పైకి అనబోతే ఏడుపే ముందొచ్చింది. ఆంటీ నా వీపు మీద చెయ్యి వేశాక ఏడుస్తూనే అన్నాను. మధ్యాహ్నం అందరం ఒకే పళ్లెంలో తిన్నాం.

ఇప్పుడు ఆంటీ కూడా లేరు. మొన్న మొదటి వాయిలో ఒక ఇడ్లీ చిదిపి గుమ్మం బయట చల్లి, మూడు పేర్లు చెప్పాను. ఏళ్లు గడిచేకొద్దీ పేర్లు పెరుగుతున్నాయి, చెప్పడం మాత్రం తేలికవుతోంది.