మొదటి బస్సులో నేను చూశానన్న మనిషి

2024 వానాకాలం. కోరుట్ల నుంచి కథలాపూర్, చందుర్తి, వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లే మొదటి బస్సుకు నేను కండక్టర్ని. పొద్దున ఐదున్నరకు బయలుదేరేది. అప్పటికి నా సర్వీసు ఇరవై రెండేళ్లు. ఆ ఇరవై రెండేళ్లలో ప్రయాణికులతో గొడవపడ్డాను, చిల్లర కోసం తిట్లు తిన్నాను, ఒకసారి బస్సులోనే పురుడు చూశాను. కానీ వృత్తి గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఒక్క సంగతే. రాయడానికి మాత్రం ఇన్నాళ్లు పట్టింది. ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేను.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మా చేతిలో ఉండే టికెట్ మిషన్‌ను టిమ్ అంటాం. ఎవరు ఏ స్టేజీలో ఎక్కారు, ఎక్కడికి టికెట్ తీసుకున్నారు, ఎన్ని గంటలకు అన్నది అందులో నిలిచిపోతుంది. స్టేజీ అంటే చార్జీ మారే ఊరు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి వాళ్లకు కొట్టేది జీరో టికెట్. దానివల్ల పొద్దున బస్సులో టికెట్ కొనే మగవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అందుకే ప్రతి ముఖం నాకు గుర్తుంటుందని గట్టిగా నమ్మేవాణ్ణి.

నమ్మకాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. బాణామతి, అంటే చేతబడి, చేసిందని ఒక ముసలామెను చెట్టుకు కట్టేసిన ఊరికి వెళ్లి, ఆ కట్లు విప్పించినవాళ్లలో నేనొకణ్ణి. గోటికి మసి పూసి, అందులో తప్పిపోయినవి కనబడతాయని అంజనం వేసేవాళ్లను నలుగురి ముందు నిలబెట్టి, నా జేబులో ఏముందో చెప్పమని అడిగేవాణ్ణి. ఒక్కడూ చెప్పలేదు. రుజువు లేని మాట ఎవరు చెప్పినా, ఎంత పెద్దవాళ్లు చెప్పినా, అది చెత్తే అని సభల్లో వాదించాను, పత్రికలకు రాశాను. మా డ్రైవర్ మల్లేశం నన్ను "సైన్స్ సార్" అని వెక్కిరించేవాడు. నాకది బిరుదులా ఉండేది.

ఒక మంగళవారం, బస్సు ప్లాట్‌ఫాం మీద ఉండగా ఒకామె వచ్చింది. పేరు సారమ్మ. మల్లాపూర్ దగ్గర ఊరు, కూలి పని. చేతిలో పెద్దగా తీయించిన కొడుకు ఫోటో. కొడుకు పేరు ప్రవీణ్, ఇరవై మూడేళ్లు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. వారం వారం ఇంటికొచ్చి వెళ్తాడు. శనివారం సాయంత్రం కోరుట్ల బయట మామిడి తోటలో దోస్తులతో దావత్‌కు పోయాడు. అక్కడ శేఖర్ అనే స్నేహితుడితో మాటామాటా పెరిగింది. "నేను పోతున్నరా" అని ఒక్కడే రోడ్డు వైపు నడిచాడు. అంతే. ఇంటికి రాలేదు, సిరిసిల్లా చేరలేదు, ఫోన్ బంద్.

మూడు రోజుల్లోనే ఎన్ని కథలు పుట్టాయో! శేఖర్ కొట్టి చంపి తోటలోనే పాతిపెట్టాడని ఒకటి. కాలువలో పడ్డాడని ఒకటి. ఎవరికీ చెప్పకుండా బొంబాయి పోయి అక్కణ్ణుంచి దుబాయ్ విమానం ఎక్కాడని ఒకటి. సిరిసిల్లలో ఏదో పిల్ల ఉందని ఇంకొకటి. ఆ కథల్లో మొదటిదే బలపడి, పోలీసులు సోమవారం నుంచి శేఖర్‌ను స్టేషన్‌లో కూర్చోబెట్టి అడుగుతున్నారు. శేఖర్ గీత కార్మికుల ఇంటి పిల్లవాడు. తండ్రి కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు, ఇతను ఇళ్లకు టైల్స్ వేసే పని చేస్తాడు.

"అంజనం ఏపిచ్చినమన్నా," అంది సారమ్మ. "పానంతోనే ఉన్నడు, పడమర దిక్కు నీళ్ల ఒడ్డున కండ్లార కనవడ్డడు అన్నడు గా అయ్య."

నాకు ఒళ్లు మండింది. "అమ్మా, గోట్లో మనిషి కనబడితే పోలీసులెందుకు, బస్సులెందుకు? ఆ మాటలు పట్టుకుని తిరగకు. ఇటివ్వు ఫోటో."

ఫోటో చూశాను. ఎక్కడో చూసిన ముఖం. "ఆదివారం నా బస్సెక్కినట్టే ఉన్నాడు" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నిజమా అన్నా? మా పిలగాడేనా? జర మంచిగ చూడు. ఏ అంగి ఏసుకున్నడు?"

"నీలం గళ్ల చొక్కా," అన్నాను. చెప్పేసరికి మనిషి మొత్తం కళ్లముందు నిలిచాడు. చివరి నుంచి మూడో వరస, కిటికీ సీటు, అద్దానికి తల ఆనించి కునుకు. అదీ ఆమెకు చెప్పాను.

సాయంత్రం ఆమె మనిషిని పంపి కబురు చెప్పించింది. ఇంట్లో వెతికితే ఆ నీలం గళ్ల అంగీ లేదట! ఇంతకన్నా రుజువేం కావాలి? మరునాడు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి వాంగ్మూలం ఇచ్చాను. మంగళవారం "ఎక్కినట్టే ఉన్నాడు" అన్నవాణ్ణి బుధవారం "ఎక్కాడు, సిరిసిల్ల టికెట్ తీసుకున్నాడు" అని సంతకం పెట్టాను. నా మాటకు విలువుంది. డ్యూటీలో ఉన్న కండక్టర్, పైగా మూఢనమ్మకాల మీద కొట్లాడే మనిషి. ఆ సాయంత్రం శేఖర్‌ను ఇంటికి పంపేశారు. వెతుకులాట సిరిసిల్లకు మళ్లింది. సారమ్మ కూడా కూలి పని మానేసి, రోజూ నా బస్సులోనే సిరిసిల్ల పోయి, సాంచెల షెడ్లన్నీ తిరగడం మొదలుపెట్టింది.

దిగేటప్పుడు అడిగేది. "గీడ్నే దిగిండు కదా అన్నా?"

"ఇక్కడే అమ్మా." నాకు దిగడం కూడా కనబడుతోంది మరి.

రెండు వారాల తర్వాత, వేములవాడలో టీకి ఆగినప్పుడు ఒక పిల్లవాడు నా పక్కన వచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. శేఖర్‌నని తనే చెప్పాడు.

"సార్, ఒక్క మాట అడుగుత. ఏమనుకోవద్దు."

"అడుగు."

"నువ్వు నిజంగ చూసినవా? నా మీద జాలితోని చెప్పినవా?"

నాకు కోపం వచ్చింది. "నేను అబద్ధాలు చెప్పేవాడిలా కనబడుతున్నానా?"

"గట్ల కాదు సార్. ఆ రోజు వాడు మా ఇంట్లనే తానం చేసిండు. నా తెల్లంగి కొత్తది ఉంటే గుంజుకొని తొడుక్కున్నడు. నీకేం మంచిగ లేదురా, సాంచెల దుమ్ము తెల్లంగికి కనవడ్తదిరా అని నేను నవ్విన. గా ముచ్చట మీదనే తోటల లొల్లి అయ్యింది. బులుగు గళ్ల అంగి మా ఇంట్ల దండెం మీద్నే ఉంది సార్. ముందుగాల్ల పోలీసోళ్లకు తెల్లంగి అనే చెప్పిన. నువ్వు బులుగు అన్నంక, మల్ల అడిగితే బులుగే కావచ్చు అన్న. ఇంటికి పంపుతరని."

"మరి ఇప్పుడు నాకెందుకు చెబుతున్నావు?"

"వాడు నా దోస్తు సార్. నువ్వు చూసిన అంటే నేను సుత నమ్మిన. బతికే ఉన్నడనుకున్న. కనీ గా అంగి నా కండ్ల ముందట్నే ఉండె. రెండు వారాల సంది నిద్ర పడ్తలేదు."

 అప్పుడు గుర్తొచ్చింది, నాకు సారమ్మ చూపించిన ఫోటో. అందులో ప్రవీణ్ నవ్వుతున్నాడు. ఒంటి మీద నీలం గళ్ల చొక్కా. ఆమె నన్ను చొక్కా రంగు అడిగినప్పుడు ఆ ఫోటో నా చేతిలోనే ఉంది.

మరునాడు డిపోలో ఆ ఆదివారం టికెట్ రిపోర్ట్ తీయించాను. కోరుట్లలో ఎక్కిన మగవాళ్లు నలుగురు. ఇద్దరు కథలాపూర్‌కు, ఇద్దరు వేములవాడకు. సిరిసిల్లకు ఒక్క టికెట్టూ లేదు. దారిలో ఎక్కినవాళ్లలోనూ సిరిసిల్ల దాకా వచ్చిన మగవాళ్లు లేరు. అంతకు ముందు ఆదివారం రిపోర్ట్ కూడా అడిగాను. అందులో ఉంది. కోరుట్ల నుంచి సిరిసిల్ల, ఒకటి. అది ప్రవీణే కావచ్చు, వారం వారం వెళ్లేవాడు కదా. కాకపోనూ వచ్చు. పోనీ ఆ ఆదివారం వేములవాడ టికెట్టుతో ఎక్కిన ఇద్దరిలో ఒకడేమో? మిషన్‌కు స్టేజీ తెలుసు, గంట తెలుసు, ముఖం తెలియదు. ముఖం తెలిసిన నా బుర్రకేమో వారం తెలియదు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాను. కళ్లు మూసుకుంటే అదే కిటికీ సీటు, అదే నీలం చొక్కా. అబద్ధమని తెలిసినా ఆ బొమ్మ చెరగడం లేదు.

మల్లేశంతో చెప్పాను.

"ఊకో సైన్స్ సార్," అన్నాడు. "పోరడు బయటికచ్చిండు. తల్లికింత ధైర్నం దొరికింది. ఇప్పుడు నువ్వు పోయి తప్పు చెప్పిన అంటే ఎవ్వలికి లాభం? ఆమె సచ్చిపోతది, వీణ్ణి మల్ల గుంజుకపోతరు."

అతని మాట తేలిగ్గా కొట్టిపారేయలేకపోయాను. నా తప్పు మాట ఒక పిల్లవాణ్ణి కాపాడింది. నిజం చెబితే వాడికే ముప్పు. మరోవైపు, ప్రవీణ్ తోట దగ్గరో కాలువ దగ్గరో ఉంటే, నా మాట పట్టుకుని అందరూ రెండు వారాలుగా అరవై కిలోమీటర్ల అవతల వెతుకుతున్నారు. ఈ రెండింటిలో ఏది పెద్దదో తూచే తక్కెడ నా దగ్గర లేదు. చివరికి ఒక్కటే తోచింది. మాట నాది, తప్పు నాది. దాన్ని దాచే హక్కు మాత్రం నాకు లేదు.

ముందు సారమ్మకు చెప్పాలనుకున్నాను. సిరిసిల్ల బస్టాండులో, అందరూ దిగిపోయాక ఆమెను ఆగమన్నాను. "అమ్మా, నేను పొరపాటు చెప్పాను. నేను చూసింది ఆ రోజు కాదు. ప్రవీణ్‌నే చూశానో లేదో కూడా ఇప్పుడు చెప్పలేను. ఆ చొక్కా నీ ఫోటోలోది."

 ఆమె ఫోటో తీసి ఒకసారి చూసుకుంది.

"అంజనం అయ్య గోట్ల చూసిండు," అంది. "నువ్వు ఫోటోల చూసినవు. ఇద్దరు సుత కండ్లార చూసిన అనే అన్నరు."

ఎన్నో సభల్లో ఎందరికో జవాబు చెప్పినవాణ్ణి. ఆ పూట ఆమె దిగేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాను.

స్టేషన్‌కు వెళ్లేముందే శేఖర్‌కూ చెప్పాను. "నా వాంగ్మూలం వాపస్ తీసుకుంటున్నాను. నీ ఇంట్లో చొక్కా సంగతి చెప్పడమా మానడమా నీ ఇష్టం." మరునాడు స్టేషన్ గేటు దగ్గర నాకన్నా ముందే వచ్చి ఉన్నాడు, చొక్కా ఒక కవర్లో పెట్టుకుని.  "నువ్వు లోపలికి అస్తవా సార్?" అంటే వస్తానన్నాను.

ఎస్సై నా కాగితం చదివి ముఖం చిట్లించాడు. "అప్పుడు చూసిన అంటివి, ఇప్పుడు చూడలే అంటివి. రేపు ఏమంటవు?"

"సార్, నా మాట తప్పయింది. అందుకని శేఖర్ తప్పు చేసినట్టు కాదు. నా మాటతో అతన్ని వదలడమే సరి కాదు, నా మాట పోయిందని పట్టుకోవడం కూడా సరి కాదు. రుజువుంటే వేరే చూపాలి." అంతవరకు గట్టిగానే మాట్లాడాను. తర్వాత బతిమాలాను. "నేను చెప్పినందుకు అటు వెతకడం మానేశారు. తోట, కాలువ మళ్లీ వెతికించండి."

శేఖర్‌ను ఆ రోజంతా అడిగారు. నేను సెలవు పెట్టి బయట బెంచీ మీదే ఉన్నాను. సాయంత్రం పంపేశారు. తోటంతా వెతికారు, కాలువ వెంట కొంత దూరం వెతికారు. ఏమీ దొరకలేదు. అప్పటికి పదిహేను రోజులు దాటింది, మధ్యలో వానలు పడ్డాయి. ఆ పదిహేను రోజుల ముందే వెతికి ఉంటే ఏమైనా దొరికేదా? నాకు తెలియదు. ఈ ప్రశ్న ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా అక్కడే ఆగుతుంది. ప్రవీణ్ ఇవాళ్టికీ దొరకలేదు. కథలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. దుబాయ్‌లో చూశామనేవాళ్లు ఉన్నారు, సిరిసిల్లలోనే చూశామనేవాళ్లు ఉన్నారు. ఆ రెండోదానికి విత్తనం నేనే వేశాను.

అంజనం మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ గోటికి పూసే మసి ఒక్కటే కాదు. ఏడుస్తున్న తల్లికి ఏదో ఒకటి ఇవ్వాలన్న ఆత్రమూ మసే. నేను మోసపోను అన్న గర్వమూ మసే. ఇప్పుడు ఎవరైనా తప్పిపోయినవాళ్ల ఫోటో తెస్తే ముందు చూడను. ఏ రోజు, ఏ బస్సు అని అడిగి, నాకు గుర్తున్న మనుషులను కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ఫోటో చేతిలోకి తీసుకుంటాను. చాలాసార్లు ఆ కాగితం ఖాళీగా ఉంటుంది. అప్పుడు తెలియదనే చెబుతాను. ఇరవై రెండేళ్లలో నేర్చుకోని మాట అది.

సారమ్మ తర్వాత చాలా నెలలు కనబడలేదు. మొన్న ఒక పొద్దున కోరుట్లలో ఎక్కింది. ముందు సీట్లు ఖాళీగా ఉన్నా ఆడవాళ్లందరినీ దాటుకుని వెనక్కి నడిచి, చివరి నుంచి మూడో వరస దగ్గర నిలబడింది.

"గిదేనా అన్నా సీటు?"

మల్లేశం అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు. అవునంటే మళ్లీ అదే కథ. కాదంటే అదీ పూర్తి నిజం కాదు.

"సీటు ఇదే అమ్మా. ఏదో ఒక పొద్దున ఒక పిల్లవాడు కూర్చున్నాడు, అద్దానికి తల ఆనించి నిద్రపోయాడు. ఎవరో నాకు తెలియదు."

"మంచిగ నిద్రవోయిండా?"

"మంచిగా పోయాడమ్మా."

ఆమె కిటికీ వైపు జరిగి కూర్చుని అద్దానికి తల ఆనించింది. నేను టిమ్ తీసి జీరో టికెట్ కొట్టాను. కోరుట్ల నుంచి సిరిసిల్ల, ఒకటి.