ట్రక్కు పిన్ను

మా వైపు ట్రక్కు అంటే లారీ కాదు, ట్రాక్టరు వెనక తగిలించే నాలుగు చక్రాల ఇనుప తొట్టి. దానికి ఇంజను లేదు, స్టీరింగు లేదు, అన్నిటికంటే ముఖ్యంగా బ్రేకు లేదు. ట్రాక్టరు ఎటు లాగితే అటు పోతుంది. ఆ రెండింటినీ కలిపి ఉంచేది ఒక్క పిన్ను. జానెడున్నర పొడుగు ఇనుప కడ్డీ, పైన పట్టుకోవడానికి కడియం, కింద చీల దూర్చడానికి చిన్న కన్నం. చీల లేకపోతే గతుకుల్లో పిన్ను పైకెగిరి ఊడిపోతుంది. డెబ్బైల చివర్లో వత్సవాయి దగ్గర ఒక పల్లెలో కోడలిగా అడుగుపెట్టిన నాకు ఆ ఇంట్లో అప్పజెప్పిన మొదటి పని ఆ పిన్నును చూసుకోవడం.

అదొక వింత పని. పాలివాళ్లు, అంటే మా దాయాదులు, అడక్కుండా ట్రక్కు తోలుకుపోతారని మామగారికి అనుమానం. అందుకని సాయంత్రం ట్రాక్టరు వాకిట్లోకి రాగానే పిన్ను పీకించి లోపలికి పంపేవారు. దాన్ని తుడిచి దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించాలి. పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, పిన్ను తీసుకెళ్లి డ్రైవరు చేతికివ్వాలి. కోడలి చేత్తో ఇస్తే కలిసొస్తుందని అత్తగారు ఆ పని నాకిచ్చారు. నాకు నవ్వొచ్చేది. బీరువా తాళాలు అత్తగారి బొడ్లో, ట్రక్కు తాళం నా చేతిలో.

పత్తి కాలం వస్తే ఆ ట్రక్కుకు ఊపిరాడేది కాదు. పత్తి కుక్కిన గోనె బోరాలు అంచుల పైదాకా పేర్చి, ఆ పైన ఇంకో రెండు వరసలు వేసి, మోకులతో బిగించి జగ్గయ్యపేట మిల్లుకు తోలేవారు. అక్కడ బోరాలు విప్పాక పత్తిలో ఆకూ చెత్తా ఏరడానికి నలుగురు ఆడకూలీలు కావాలి. వాళ్లు బోరాల మీదే ఎక్కి కూర్చునేవాళ్లు. అందరికంటే ముందు, డ్రైవరు నెత్తి మీదికి కాళ్లు వేలాడేసుకుని కూర్చునేది ఆ ముఠాకు పెద్ద. ముప్పై ఏళ్లుంటాయేమో. కొత్త కోడలినని ఇంట్లో అందరూ నన్ను తూచి తూచి పలకరిస్తున్న రోజుల్లో, చేలగట్ల మీద దొరికిన సీతాఫలాలు కొంగులో కట్టుకొచ్చి వంటింటి గుమ్మం దగ్గర పెట్టి పోయింది. ఆమెకు నాలుగేళ్ల కూతురు ఉండేది. ఆ పిల్లను మా అరుగు మీద దింపి, "కాస్త చూస్తుండండి చిన్నమ్మగారూ" అని ట్రక్కెక్కేది.

మూడో పత్తి కాలంలో నా చేతికి తేడా తెలిసింది. పిన్ను మధ్యలో పట్టుకుంటే వేళ్లు లోపలికి దిగుతున్నాయి. వెలుగులోకి తీసుకెళ్లి చూశాను. పైనా కిందా ఎప్పటిలాగే లావుగా ఉంది, మధ్యలో మాత్రం కందిరీగ నడుములా సన్నబడింది. అంత బరువూ రోజూ అక్కడే లాగుతుంది మరి.

అది చూసి నాకెందుకు భయం పుట్టిందంటే, నందిగామలో మా పుట్టిల్లు హైదరాబాదు రోడ్డు పక్కన లారీ షెడ్ల వెనక ఉండేది. విరిగిన ఇరుసులు, తెగిన గొలుసులు చూస్తూనే పెరిగాను. ముసలి మెకానిక్కు ఒకాయన అంటుండేవాడు: "చెక్కయితే కిర్రుమంటది పాపా, తాడయితే పోగులు లేస్తయి. ఇనుము మాత్రం చెప్పదు. తెగిన్నాడే తెలుసుద్ది."

ఆ మాట పట్టుకుని ఇంట్లో చెప్పాను. నాకు నోరెక్కువని పుట్టింట్లోనే పేరు, ఇక్కడ ఇంకాస్త పెరిగింది. మామగారు పిన్ను చేతిలో ఆడించి, "ఇది ఏనుగునైనా లాగుద్దమ్మాయ్" అన్నారు. డ్రైవరు నవ్వు ఆపుకున్నాడు. మా ఆయన కొత్తది తెస్తానని మూడుసార్లు జగ్గయ్యపేట వెళ్లి మూడుసార్లూ మర్చిపోయి వచ్చారు. పకోడీల పొట్లం మాత్రం ఒక్కసారీ మర్చిపోలేదు. ట్రక్కు కొన్నప్పుడు గుమ్మడికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారట. నిమ్మకాయల మీదున్న శ్రద్ధ పిన్ను మీద లేదు.

నేను ఊరుకోలేదు. పిన్ను ఇచ్చేటప్పుడల్లా అనేదాన్ని, ఇది ఏదో ఒకరోజు తెగుతుంది, పైనున్న వాళ్ల గతి ఏంటని. అత్తగారికి ఒళ్లు మండేది.

"పొద్దున్నే దీపం పెట్టిన నోటితో ఆ మాటలేంటమ్మా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నువ్వనడం, వాళ్లు తథాస్తనడం. నోరు కట్టేసుకో."

ముఠా పెద్ద కూడా బోరాల మీది నుంచి నవ్వేది. "మీరు మరీ భయపడతారమ్మా. మాకేమవుద్ది? పడితే పత్తి మీదే గదా పడేది!"

ఆమె నవ్విన ప్రతిసారీ నాకు ఊరి అవతలి వాగు గుర్తొచ్చేది. రోడ్డు నిటారుగా దిగి, పిట్టగోడ లేని చప్టా దాటి, మళ్లీ నిటారుగా ఎక్కుతుంది. ట్రాక్టరు ఆ ఎగువ ఎక్కేటప్పుడు చేసే మూలుగు మా పెరట్లోకి వినిపించేది. ఆ మూలుగు వినిపించినంతసేపూ నా చేతిలో పని సాగేది కాదు. అది ఆగి, అవతల మామూలు చప్పుడు మొదలైతే గానీ ఊపిరి పీల్చుకునేదాన్ని కాదు. పత్తి కాలమంతా నా పొద్దుటిపూటలు అలాగే గడిచాయి.

ఆ రోజు తెల్లవారేసరికి మబ్బు దట్టంగా కమ్మింది. కళ్లంలో ఉన్న పత్తంతా తడిసిపోతుందని మామగారు ఉన్న బోరాలన్నీ ఒక్క ట్రిప్పుకే ఎక్కించేశారు. కిటికీలోంచి చూస్తే ట్రక్కు మీద ఇంకో ట్రక్కు ఉన్నట్టుంది. దాని పైన నలుగురు ఆడవాళ్లు. దీపం పెట్టాను. మేకు మీది పిన్ను తీశాను. వాకిట్లోకి వెళ్లాల్సినదాన్ని వంటింట్లోకి తిరిగి, కందుల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి దించి, పిన్నును అడుక్కి దోపేశాను.

నా లెక్క ఒక్కటే. పిన్ను లేకపోతే ట్రక్కు కదలదు. చచ్చినట్టు ఎవరినో బస్సెక్కించి జగ్గయ్యపేట పంపి కొత్త పిన్ను తెప్పిస్తారు. పత్తి తడిస్తే తడవనీ.

ఇల్లంతా వెతికారు. నేనూ వెతికాను, మంచం కిందకి వంగి మరీ వెతికాను. మామగారు పాలివాళ్లను తిట్టడం మొదలుపెట్టారు. పది నిమిషాలకు గొడవ సద్దుమణిగింది. సరే, గెలిచాననుకుని పొయ్యి మీద పాలు పెట్టాను. అప్పుడు వినిపించింది, వాకిట్లో ఇనుము మీద సుత్తి దెబ్బ. ఒకటి, రెండు, మూడు.

గుమ్మంలోకి వచ్చి చూశాను. విరిగిపోయి మూల పడేసిన పాత గడ్డపార ముక్కను డ్రైవరు పిన్ను దూరే కన్నంలోకి దిగ్గొడుతున్నాడు. పక్కన నిలబడి మామగారు కొట్టమంటున్నారు. గడ్డపారకు పైన కడియం లేదు. కింద చీల పెట్టడానికి కన్నం లేదు. అది నాకు కనిపించింది. ఒక్క మాట అంటే చాలు, పిన్ను ఇక్కడే ఉందని. అంటే నేనే దాచానని తెలిసిపోతుంది, దొంగనైపోతాను, మామగారి చేత నలుగురి ముందు మాటలు పడాలి. ఆ కాసేపు నాకు అదే పెద్ద విషయంగా తోచింది. నోరెక్కువని రెండిళ్లలోనూ పేరు తెచ్చుకున్నదాన్ని, ఆ ఒక్కసారి నోరు తెరవలేదు.

ట్రాక్టరు కదిలింది. బోరాల మీది నుంచి ముఠా పెద్ద నా వైపు చెయ్యి ఊపింది.

"పిన్ను మారింది చిన్నమ్మగారూ! ఇంక మీకు భయం లేదు!"

పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. వాగు వైపు చెవి పెట్టి నిలబడ్డాను. దిగుడులో తొట్టి తలుపు గొలుసుల చప్పుడు, చప్టా మీద ఒక కుదుపు, తర్వాత ఎగువ ఎక్కే మూలుగు. ఆ మూలుగు ఉన్నట్టుండి తేలికైపోయింది. బరువు వదిలేసిన ఎద్దులా ఇంజను ఒక్కసారి ముందుకు దూకిన చప్పుడు. ఎవరూ వచ్చి చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

చప్టా కుదుపుకు గడ్డపార ముక్క పైకి జరిగిందట, ఎగువలో పూర్తిగా ఊడిపోయిందట. ట్రక్కు వెనక్కి దొర్లి చప్టా అంచు దాటి వాగులోకి ఒరిగింది. ముగ్గురు ఆడవాళ్లు ముఠా పెద్ద చెప్పినట్టే పత్తి మీద పడి దెబ్బలతో బయటపడ్డారు. ముందు కూర్చున్న ఆమె మాత్రం పక్కకి దూకబోయి ఒరిగే ట్రక్కు కింద పడింది. బెజవాడ ఆస్పత్రిలో మోకాలి కింద కుడికాలు తీసేశారు. ఆ సాయంత్రం వాన కూడా పడలేదు.

డ్రైవరును పనిలోంచి తీసేశారు. చెప్పింది మామగారు, కొట్టింది డ్రైవరు, కొట్టించింది నేను. ఈ మూడో సంగతి ఎవరికీ తెలియదు. పైగా ఊళ్లో నా పేరు మారుమోగింది. కోడలు మొదటి నుంచీ చెబుతూనే ఉంది, మనమే వినలేదు అన్నారు. అత్తగారు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడేవారు. మామగారు కొత్త పిన్ను తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇక ట్రక్కు సంగతి నువ్వెట్లా అంటే అట్లానే అమ్మాయ్" అన్నారు. తిట్లు తప్పించుకుందామని నోరు మూసుకున్నదానికి గౌరవం దక్కింది. తిట్టినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

పాత పిన్నును పుట్టింటికి వెళ్లినప్పుడు చీరల మధ్య చుట్టి తీసుకెళ్లి ముసలి మెకానిక్కుకు చూపించాను. ఇది ఎన్నాళ్లు ఆగేదని అడిగాను. ఆయన బొటనవేలితో ఆ సన్నటి చోట రాసి, "ఎవరు చెప్పగలరు పాపా. రేపే తెగొచ్చు, ఇంకో రెండేళ్లు ఆడొచ్చు" అని తిరిగిచ్చేశాడు. అది మళ్లీ కందుల డబ్బా అడుక్కే వెళ్లింది.

ఏళ్లు గడిచాయి. జగ్గయ్యపేట వైపు సిమెంటు లారీలు పెరిగాయి, మా ట్రక్కు మాత్రం ఆ వాగు మీదుగానే పత్తి మోస్తోంది. పొద్దున్నే పిన్ను ఇచ్చేది నేనే. ఒక పత్తి కాలం మొదట్లో ముఠా పెద్ద చంకకర్ర మీద మా వాకిట్లోకి వచ్చింది. పక్కన కూతురు, నా అరుగు మీద ఆడుకున్న పిల్లే, చేతిలో అన్నం క్యారియరుతో నిలబడి ఉంది. ఆ రోజే మొదటిసారి బోరాల మీదికి ఎక్కబోతోంది.

"మీ మాటకి తథాస్తు దేవతలు పలుకుతారు చిన్నమ్మగారూ," అంది ఆమె. "అప్పుడు మీరన్నదే జరిగింది. మేం వినలేదు, అనుభవించాం. నా పిల్లకి ఏం కాదని ఒక్కసారి మీ నోటితో అనండమ్మా."

పిన్ను నా చేతిలోనే ఉంది. దాన్ని డ్రైవరుకు ఇవ్వకుండా నేనే వంగి కన్నంలో దించాను. చీల దూర్చి, రెండు కొసలూ వంచి, లాగి చూశాను. ఇంకోసారి లాగి చూశాను. ఆమె కళ్లు ఆర్పకుండా నా నోటి వైపే చూస్తోంది.

"ఏం కాదు," అన్నాను.

ఆమె రెండు చేతులూ ఎత్తబోయి, కర్ర జారుతుందని ఒక్క చేత్తోనే నాకు దణ్ణం పెట్టింది.