షబానా జవాబు కోసం ఆగిన తరగతి

2023వ సంవత్సరం. తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటలు పూత మీదున్న రోజులు. నేను బి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ విద్యార్థులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికే చాలా ఏళ్లయింది. డిగ్రీ పూర్తి చేసినవాళ్లు టీచర్లు కావడానికి తీసుకునే రెండేళ్ల శిక్షణ అది. వినపడని పిల్లలకు, చూపు ఆనని పిల్లలకు, కాళ్లూ చేతులూ తమ మాట వినని పిల్లలకు ఎలా చదువు చెప్పాలో, వాళ్లను మిగతా పిల్లలతో కలిపి ఒకే గదిలో ఎలా కూర్చోబెట్టాలో నేర్పుతాం. ఇలా కలిపి చదివించడాన్నే ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ అంటారు. పరీక్షలో ఈ వాక్యం అందరూ బ్రహ్మాండంగా రాస్తారు. తరగతి గదిలోకి అడుగుపెట్టాకే అసలు సంగతి తెలుస్తుంది.

నా గురించి ఒక మాట చెప్పాలి. నేను కిరాణా కొట్టులో పెరిగినదాన్ని. కొనడానికి వచ్చినవాళ్లు నోరు తెరిచేలోపే వాళ్లకేం కావాలో చెప్పేయడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు. "శనగపిండే కదండీ?" అని మా నాన్నగారు పొట్లం కట్టేసి చేతిలో పెట్టేవారు. అలాంటి ఇంట్లో పుట్టి, ఎదుటివాళ్ల మాట కోసం ఓపిగ్గా ఆగమని నలుగురికీ నేర్పే ఉద్యోగంలో పడ్డాను. దేవుడికి నా మీద ఏదో సరదా ఉండే ఉంటుంది.

ఆ ఏడాది నా దగ్గర చదువుతున్నవాళ్లలో హరిత అనే అమ్మాయి ఉంది. ఎ.కొండూరు నుంచి రోజూ మా కాలేజీకి బస్సులో వచ్చేది. టీచింగ్ ప్రాక్టీసుకు, అంటే బడికి వెళ్లి నిజమైన పిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణకు, ఆమెను తిరువూరులో ఒక ప్రభుత్వ పాఠశాలకు పంపాం. అక్కడ ఐదో తరగతిలో షబానా ఉంది.

షబానాకు సెరిబ్రల్ పాల్సీ. పుట్టుకతోనో, పుట్టిన కొత్తల్లోనో మెదడుకు దెబ్బ తగలడం వల్ల కండరాల మీద సరిగా పట్టు చిక్కని స్థితి అది. నడక తూలుతుంది. నాలుక, పెదవులు కూడా కండరాలే కాబట్టి మాట రావడానికి చాలాసేపు పడుతుంది. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. ఆ కళ్లు చూస్తే చాలు, ఆ పిల్ల అందరికంటే ముందే లెక్క తేల్చేసి కూర్చుందని తెలిసిపోయేది.

తండ్రి బాజీ, బజారులో టైలరు. రోజూ తనే కూతుర్ని సైకిలు మీద బడిలో దింపేవాడు. మొదటిసారి కలిసినప్పుడు నేను పిల్లను పలకరించాను.

"నీ పేరేంటమ్మా?"

షబానా పెదవులు కదిలాయి. మాట బయటికి వచ్చేలోపే బాజీ అందుకున్నాడు.

"షబానా అండి."

"నీకేం ఇష్టం?"

"బొమ్మలెయ్యడం ఇష్టమండి" అన్నాడు మళ్లీ ఆయనే.

ఆయనది అచ్చంగా ప్రేమే. ఎంత ప్రేమంటే, పిల్ల కష్టపడి ఒక్క మాట అనడం కూడా చూడలేడు. కాస్త చనువు పెరిగాక ఒకరోజు హరితతో, నాతో మనసులో మాట చెప్పాడు.

"వచ్చే ఏడాది పంపనండి, మేడం గారూ. ఆరో తరగతంటే పెద్ద బడి. ఇక్కడంటే తెలిసిన పిల్లలు, సరిపోయింది. అక్కడ నోరు తెరిస్తే అందరూ నవ్వుతారు. నా బిడ్డ నవ్వులపాలవుతుంటే నేను చూళ్లేను. ఇంట్లోనే ఉంచేసుకుంటా."

"చదువుకుంటుంది బాజీ గారూ, బాగా చదువుకుంటుంది" అంది హరిత.

"ఏం చదువమ్మా? క్లాసులో ఒక్క జవాబన్నా సొంతంగా చెప్పిందా?"

నిజంగానే షబానా తరగతిలో ఒక్క జవాబూ చెప్పలేదు. అడిగిన వెంటనే పక్కనున్న పిల్లలు చెప్పేసేవాళ్లు. వాళ్లు చెప్పకపోతే హరితే అందించేసేది. ఇంకో నాలుగు నెలలు ఇలాగే గడిస్తే ఆ పిల్ల చదువు ఐదో తరగతితో ఆగిపోతుంది.

మా వృత్తిలో వెయిట్ టైమ్ అని ఒకటుంది. ప్రశ్న అడిగాక పిల్లలకు ఆలోచించుకునే, మాట కూడగట్టుకునే సమయం ఇచ్చి టీచరు నోరు మూసుకోవడం. వినడానికి ఇంత సులువైనది ఇంకోటి ఉండదు. నలభై మంది పిల్లల ముందు నిలబడితే ఆ నిశ్శబ్దం ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉంటుంది. హరిత పాఠం చూశాక నేను ఊరుకోలేదు.

"నువ్వు ప్రశ్న అడిగింది షబానానా, నిన్ను నువ్వేనా? అడిగిందీ నువ్వే, చెప్పిందీ నువ్వే, శభాష్ అందీ నువ్వే!"

హరిత కళ్లనీళ్లు పెట్టుకుంది. కానీ మర్నాడు ఒక ఉపాయంతో వచ్చింది. షబానా వంతు వచ్చినప్పుడు మిగతావాళ్లంతా నోటి మీద వేలేసుకు కూర్చోనక్కర్లేదు, అదే లెక్కను ఎవరి పలక మీద వాళ్లు చేసుకోవాలి. షబానా చెప్పాకే పలకలు ఎత్తి చూపించాలి. అందరికీ పనుంటే ఎవరూ తొందరపడరు కదా అంది. నాకు ముచ్చటేసింది. ఆ కిటుకు నేను నేర్పింది కాదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు.

షబానా మొదటి వారం ఒక్కో మాటే అంది. తర్వాత రెండేసి మాటలు కలిపింది. ఈలోపు ఫైనల్ లెసన్ వచ్చిపడింది. శిక్షణ చివర్లో, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు చెప్పే పాఠం అది. మార్కులన్నీ దాని మీదే.

ఫైనల్ లెసన్ గురించి బి.ఎడ్. చదివినవాళ్లందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది. ముందురోజే అదే పాఠం పిల్లలకు చెప్పేసి, ఎవరు ఏ ప్రశ్నకు చెయ్యెత్తాలో నేర్పేసి, మర్నాడు కొత్తగా చెబుతున్నట్టు నటిస్తారు. పిల్లలు కూడా మహానటుల్లా సహకరిస్తారు. వెనకబడ్డ పిల్లలుంటే ఆ ఒక్కరోజూ బడికి రాకుండా చూస్తారు. హెడ్మాస్టరు గారు నెమ్మదస్తుడు. ఆయన కూడా హరిత మంచి కోరే ఆ మాట అన్నారు.

"రేపు షబానాని ఇంటి దగ్గరే ఉంచమని బాజీకి చెబుతాలేమ్మా. పెద్దాయన ముందు ఆలస్యమైతే నీ మార్కులే పోతాయి."

"షబానా రాకపోతే నేనూ రాను సార్" అంది హరిత.

నేనుండగా ఆ మాత్రంతో ఆగుతుందా? "ఇన్‌క్లూజివ్ పాఠానికి షబానాని రావద్దనడం, పెళ్లికూతురు లేకుండా పెళ్లి చేద్దామన్నట్టుందండీ" అన్నాను. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. హరిత అంతటితో ఆగలేదు. బాజీని కూడా వచ్చి చూడమని పిలిచింది. పాఠం ముందే చెప్పి అలవాటు చేయించనూ లేదు. నాకు భయమేసింది, దాచుకోవడమెందుకు.

ఆరోజు పాఠం కొలతలు. మీటర్లను సెంటీమీటర్లలోకి మార్చడం. ఎగ్జామినర్ వెనక బెంచీలో కూర్చున్నారు. నవ్వడం ఏనాడో మానేసినట్టుండే మనిషి. బాజీ వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. ఎవరైనా నవ్వితే పిల్లను అప్పటికప్పుడే ఇంటికి తీసుకుపోయేలా ఉన్నాడు.

హరిత అడిగింది. "ఒక చొక్కాకి మీటరున్నర బట్ట కావాలి. అంటే ఎన్ని సెంటీమీటర్లు? షబానా, నువ్వు చెప్పు."

పలకల మీద బలపాలు కదిలాయి, ఆగాయి. షబానా మెడ ఒక పక్కకు వాలింది. పెదవులు బిగుసుకున్నాయి. ఎగ్జామినర్ గొంతు సవరించుకున్నారు. కిటికీ దగ్గర బాజీ పెదవులు కదులుతున్నాయి. జవాబు ఆయన నాలుక చివరే ఉంది. నా నాలుక చివరా ఉంది. హరిత మాత్రం చిన్నగా నవ్వుతూ, ఎక్కడికీ తొందర లేనట్టు షబానానే చూస్తూ నిలబడింది.

"నూ...ట... యా...భై" అంది షబానా.

పలకలన్నీ ఒక్కసారి లేచాయి. హరిత మెచ్చుకుని ముందుకు వెళ్లబోయింది. షబానా చెయ్యి ఊపి ఆపింది. ఇంకా చెప్పాలట. హరిత మళ్లీ ఆగింది.

"కానీ... మా... నాన్న... రెండు... మీటర్లు... తెమ్మంటాడు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గదంతా గొల్లున నవ్వింది. తిరువూరులో బట్టలు కుట్టించుకునే ప్రతి ఇంట్లోనూ టైలర్ల మీద అనుకునే మాటే అది! నేను కిటికీ వైపు చూశాను. బాజీ ముఖం పాలిపోయింది. తను భయపడ్డ నవ్వు ఇదేననుకున్నాడు. ఒక్క అడుగు గుమ్మం వైపు వేశాడు కూడా.

అప్పుడు ఎగ్జామినర్ లేచి నిలబడ్డారు. మనిషి నవ్వుతున్నారు. "మరి మిగిలిన అరమీటరు ఏమవుతుందమ్మా?" అని అడిగారు. అడిగి, ఆయన కూడా ఆగారు.

షబానా ఈసారి తీరిగ్గా చెప్పింది. "మా... ఇంట్లో... దిండు... గలీబులు."

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది షబానాయే. అందరూ ఆ పిల్లను చూసి నవ్వడం లేదు, ఆ పిల్లే అందర్నీ నవ్విస్తోంది. బాజీకి అది అందింది. తన దుకాణం పరువు తీసిన కూతుర్ని చూస్తూ, నవ్వుతూ, మెడలో టేపుతోనే కళ్లు తుడుచుకున్నాడు.

గంట కొట్టేసరికి పాఠం పూర్తి కాలేదు. కష్టపడి చేసిన చార్టు ఒకటి చుట్టచుట్టి అలాగే ఉండిపోయింది. ఎగ్జామినర్ అడిగారు.

"మిగిలిన పాఠం?"

"రేపొచ్చి చెబుతాను సార్."

"ఫైనల్ లెసన్ అయిపోయాక రేపెవరొస్తారమ్మా?"

"షబానాకి వస్తానని చెప్పాను సార్."

ఆయన ఎన్ని మార్కులేశారో తర్వాత తెలిసింది. బాగానే వేశారు. కానీ నా గర్వం మార్కులు తెలిసేదాకా ఆగలేదు. ఆ మాట విన్నప్పుడే, ఈ అమ్మాయి నా విద్యార్థిని అని ఊరంతా చాటింపు వేయించాలనిపించింది. నేను ఇన్నేళ్లుగా చెప్పిన పాఠం నా కళ్లముందే నడిచి, నన్ను దాటి వెళ్లింది.

షబానా ఆరో తరగతిలో చేరింది. హరిత ఇప్పుడు వేరే మండలంలో స్పెషల్ టీచరు. కొత్తగా వచ్చే ప్రతి బ్యాచికీ నేను వెయిట్ టైమ్ పాఠం ఈ కథతోనే మొదలుపెడతాను. ఎదుటి మనిషికి మనం ఇవ్వగలిగిన గౌరవమంతా ఒక్కోసారి నోరు మూసుకుని ఆగడంలోనే ఉంటుందని నాకు తెలిసొచ్చింది అక్కడే.

మొన్న జాకెట్టు కుట్టించుకోవడానికి బాజీ దుకాణానికి వెళ్లాను. బడి నుంచి వచ్చిన షబానా కౌంటరు దగ్గర కూర్చుని ఉంది. ఎవరో పెద్దావిడ తొందరగా వచ్చింది.

"మా లంగాలు అయ్యాయా పాపా?"

షబానా పెదవులు కదిలాయి. ఆవిడ ఒక్క క్షణం చూసి, బాజీ వైపు తిరిగింది. "నువ్వు చెప్పవయ్యా, అయ్యాయా లేదా?"

బాజీ మిషను ఆపాడు. నోట్లో ఉన్న గుండుసూది తీసి పక్కన పెట్టాడు.

"ఆగండమ్మా, మా అమ్మాయి చెబుతోంది."