సంధ్య నాకు చెప్పిన మాట

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మాయికి చెప్పలేదు. ఇన్నేళ్లూ మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను ఈ దీవుల్లోని డెలానీపూర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాను. శనివారాలు మేం కొందరం బడులకు వెళ్లి పిల్లలకు సైన్సు, ఆరోగ్యం గురించి చెబుతాం. జీతం లేని పని. ఇష్టపడే మొదలుపెట్టాను. అప్పట్లో నాకు తోడుగా రేఖ అనే నర్సు వచ్చేది.

ఒక శనివారం మా అమ్మాయి చదివే బడిలోనే మూర్ఛ గురించి చెప్పాను. ఇక్కడ అందరూ మిర్గీ అంటారు. అది అంటుకోదని, పడిపోయినవాళ్లకు చెప్పు వాసన చూపించకూడదని, మందులు వాడితే చాలామంది అందరిలాగే బతుకుతారని, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు.

తర్వాత కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే సంధ్య వచ్చింది. గరాచర్మలో మా వీధి పిల్లే. మా అమ్మాయి క్లాసు. చదువులో అందరికంటే ముందు.

"దీదీ, ఏక్ బాత్ చెప్పాలి. నాకు మిర్గీ ఉంది. చిన్నప్పట్నుంచీ దవాయి వేసుకుంటన్నాను. ఇంట్లో తప్ప ఎవరికీ తెలీదు."

"భయపడకమ్మా. మందు మానకు."

"ఎవరికీ చెప్పరు కదా?"

"చెప్పను."

ఆ నెలలోనే సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో సైన్సు క్యాంపు. బడి నుంచి ఒక్కరికే అవకాశం. సంధ్య పేరు ఖాయమైంది. ఆ తర్వాతి పేరు మా అమ్మాయిది.

సోమవారం ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఓడలో అన్ని రోజుల ప్రయాణం, ఆ అమ్మాయికి ఫలానా జబ్బుంది, నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి అన్నాను.

పిల్ల క్షేమం కోసమే చెప్పానా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. క్షేమం కోసమే అయితే సంధ్య తల్లితో మాట్లాడేదాన్ని, డాక్టరును అడిగి రమ్మనేదాన్ని. నా పేరు దాచమని ఎందుకు బతిమాలాను?

క్యాంపుకు మా అమ్మాయి వెళ్లింది. సంగతి ఎలా పొక్కిందో, క్లాసంతా తెలిసిపోయింది. సంధ్య పక్కన ఎవరూ కూర్చోలేదు. ఒకడు ఆటపట్టించడానికి ఆమె ముక్కు దగ్గర చెప్పు పెట్టాడు. నేను పాఠం చెప్పిన గదిలోనే. మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు.

సంధ్య మందులు తెచ్చుకునే ఆసుపత్రిలోనే నర్సు కాబట్టి, అక్కడి చీటీ చూసి ఉంటుందని అందరూ రేఖనే అనుమానించారు. సంధ్య నాన్న బడి గేటు దగ్గర ఆమెను నిలదీశాడు. నేను పక్కనే ఉన్నాను. "నాకు అసలు తెలియదు, భయ్యా" అంటూ రేఖ నా వైపు చూసింది. నేను సంచిలో ఏదో వెతుక్కున్నాను. తర్వాత ఆమె మాతో రావడం మానేసింది, కొన్నాళ్లకు దీవులు విడిచి వెళ్లిపోయింది.

మా అమ్మాయి ఇప్పుడు చెన్నైలో పరిశోధన చేస్తోంది. ఆ క్యాంపే తన దారి మార్చిందని అందరికీ చెబుతుంది. నిజం బయటపెడితే ఆ పిల్ల సంతోషం ఏమవుతుంది? చూశారా, ఇప్పటికీ కూతుర్నే అడ్డం పెట్టుకుంటున్నాను.

సంధ్య చదువు ఇంటి దగ్గరే, ఆలస్యంగా ముగించింది. మందుల షాపులో పనిచేస్తోంది. రెండేళ్ల కిందట తనే వచ్చి మాతో చేరింది. ఇప్పుడు ప్రతి శనివారం పిల్లల ముందు నిలబడి తన జబ్బు గురించి ధైర్యంగా చెబుతుంది. "ఒకరు నా సంగతి బయటపెట్టేశారు. కానీ అందరూ అలా ఉండరు. ఈ దీదీకి నేనే చెప్పాను, ఈమె దాచారు" అని నన్ను చూపిస్తుంది. పిల్లలందరూ నా వైపు తిరుగుతారు. నేను తలూపుతాను.

మానేద్దామంటే, ఎందుకు రావట్లేదని ఇంటికే వస్తుంది. ఎటు వెళ్లినా అదే వీధి, అదే బస్సు.

మొన్న బ్రూక్షాబాద్ బడి నుంచి బస్సులో వస్తూ నోరు తెరిచాను. "సంధ్యా, ఆ రోజు రేఖ..."

"ఛోడియే దీదీ, వదిలేయండి. ఆమెను ఎప్పుడో మాఫ్ చేసేశాను" అంది, నా చేయి నొక్కి.

చేయని తప్పుకు రేఖకు క్షమాపణ దొరికింది. నేను కిటికీ వైపు తిరిగాను.

చెప్పింది రేఖ కాదు. నేను. ఈ రెండు మాటలూ రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. సంధ్యకు మాత్రం ఇంకా తెలియదు.