వాగ్దానంలోని నాలుగంకెలు

తిరువళ్లూరు దగ్గర ఒక క్రైస్తవ పాఠశాలలో నేను కంప్యూటర్ టీచరును. తిరుత్తణి నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తాను. ఒక ఏడాది మా కరస్పాండెంట్ అయ్యగారికి కొత్త ఆలోచన వచ్చింది. పిల్లలతో పాటు శనివారాల్లో తల్లులకు కూడా ఫోన్‌లో డబ్బు దాచుకోవడం, పంపడం నేర్పాలట. దానికి 'గృహనిర్వాహకత్వం' అని బైబిల్లోని మాట పేరుగా పెట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో తమిళం చదివే మా పిల్లలకు ఆ మాట నోరు తిరగలేదు. నాకే తిరగలేదు, వాళ్లనేమనను?

వచ్చిన తల్లుల్లో ఒకామె చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆమె కూతురు మా బళ్లోనే పన్నెండో తరగతి. మొగుడు లోడు ఆటో తోలేవాడు, తోలినదానికంటే తాగింది ఎక్కువ. కూతుర్ని నర్సింగులో చేర్చాలి, అదొక్కటే ఆమె ఆశ. చీరల మడతల్లో దాచినా, బియ్యం డబ్బాలో దాచినా అతను కనిపెట్టేసేవాడు.

"బ్యాంకులో ఉంటే ఆయన చెయ్యి పడదు కదా మిస్?" అని అడిగింది.

"నీ నెంబరు నువ్వు చెప్తే తప్ప దేవుడికి కూడా తెలీదక్కా," అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

రహస్య నెంబరు పెట్టుకునే రోజు గట్టిగా చెప్పాను. పుట్టిన తేదీ వద్దు, బండి నెంబరు వద్దు, కాగితం మీద రాయొద్దు, నాకు కూడా చెప్పొద్దు. "అట్లయితే ఇంకేం గుర్తుంటాది మిస్ మాకు!" అని అందరూ నవ్వారు. ఆమె మాత్రం కళ్లు మూసుకుని, పెదాలు కదిలించి, చకచకా నాలుగంకెలు నొక్కింది. శభాష్ అనుకున్నాను.

కడుపు కట్టుకుని నెలనెలా దాచింది. అమ్మాయికి మంచి మార్కులొచ్చాయి, నర్సింగు కాలేజీలో సీటూ వచ్చింది. ఫీజు నా ఎదుటే పంపాలని తల్లీకూతుళ్లిద్దరూ బడికి వచ్చారు. ఫోన్ తీసి చూస్తే ఖాతాలో ఏమీ లేదు. లెక్క చూస్తే, ఆమె స్నానానికి పోయే వేళల్లో డబ్బంతా కొంచెం కొంచెంగా మొగుడి ఖాతాకు పోయింది.

"నెంబరు ఎవురికి చెప్పినావు?" కసిరాను.

"సత్యంగా ఎవురికీ చెప్పలా మిస్!"

"ఏం నెంబరు పెట్టినావు మా?" కూతురు మెల్లిగా అడిగింది. ఆమె చెప్పింది. అమ్మాయి ముఖం పాలిపోయింది.

చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనప్పుడు ఒక్కో కుటుంబానికీ బైబిలు వాక్యం ఒకటి రాసిన వాగ్దానం కార్డు ఇస్తారు. ఏడాదంతా ఆ వాక్యమే ఆ ఇంటిది. సాయంత్రం ప్రార్థనలో ముందు అధ్యాయం, వచనం అంకెలతో సహా గట్టిగా చెప్పి, తర్వాత వాక్యం చదువుతారు. ఆ అంకెలే ఆమె నెంబరు. ఫోన్‌లో నొక్కేటప్పుడూ పెదాలతో వాటినే అనుకునేదట. ప్రార్థనకు ఒక్కనాడూ కూర్చోని ఆ మనిషి, మంచం మీద పడుకునే అంతా విన్నాడు, చూశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి చేతులు పడిపోను! పోలీసుల దగ్గరికి పోదాం రమ్మన్నాను.

"యాడికి పోతే ఏమొస్తాది మిస్? అంతా తాగేసినాడు," అంది తలెత్తకుండా. ఫోన్ కొంగున ముడేసుకుంటూ, "దేవుడిచ్చిన నెంబరు కదా, ఎవురూ ముట్టుకోరనుకొంటి," అంది.



మొన్న స్టేషన్ బయట, ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడిన ఆడపిల్లల్లో ఆ అమ్మాయి కనిపించింది. మెడలో కంపెనీ కార్డు. అమ్మ ఎట్లా ఉందని అడిగాను.

"ఉంది మిస్. ఇప్పుడు ప్రార్థన నోరు తెరిచి చెయ్యదు."

ఇంకేం అడగాలో తెలియక, జీతం జాగ్రత్తగా పెట్టుకుంటున్నావా అన్నాను. సిగ్గులేని ప్రశ్న.

"పెట్టుకుంటా ఉండా మిస్. నా నెంబరు ఎవురికీ చెప్పలా," అంది. బస్సు వచ్చింది. మెట్టెక్కి, వెనక్కి తిరిగి చూసింది.

"అమ్మకి కూడా."