ఆ మధ్యాహ్నం సుక్కని పిలిచిన గొంతు

దెయ్యాలూ గాలులూ అంటే నాకు నవ్వు. శ్రీకాకుళంలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పని నాది. పొద్దుట్నించి జనం చేతులకి రబ్బరు పట్టీ కట్టి రక్తం తీస్తుంటాను. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని వచ్చినవాళ్లకి మలేరియా తేలడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రిపోర్టులో రానిది లేనట్టే అని అమ్మతో వాదించేదాన్ని. ఇప్పుడు రాయబోయేదానికి నా దగ్గర రిపోర్టు ఏదీ లేదు. కల్పించి చెప్పే ఓపిక కూడా లేదు. కోపం మాత్రం ఇంకా ఉంది.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. నాన్న పోయాక అమ్మా, తమ్ముడు కూర్మారావూ ఆ ఇంట్లో మిగిలారు. నేను పెళ్లయి శ్రీకాకుళంలో ఉంటున్నా, ఆదివారం వస్తే అమ్మ దగ్గరే. ఇంటికి కాస్త వరి చేను, పెరట్లో ఒక గేదె ఉన్నాయి. దాని నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని తమ్ముడు సుక్క అని పేరు పెట్టాడు.

సుక్క మహా పొగరుది. తమ్ముడి చెయ్యి పడితే తప్ప పాలు చేపదు. అదీ వాడు ముందు పెరటి తలుపు దగ్గర నిలబడి, "ఓ సుక్కా... దాయే... దా" అని పిలవాలి. చివరి 'దా' దగ్గర గొంతు పైకి లేపి టక్కున ఆపేసేవాడు. ఆ పిలుపు మా వీధిలో అందరికీ తెలుసు. ఎగతాళి చెయ్యడానికి ఎవరైనా అలాగే పిలిస్తే సుక్క తోక కూడా కదిపేది కాదు.

అంత పనిమంతుడు తాగుడులో పడ్డాడు. మొదట పెళ్లిళ్లలో, తర్వాత సంతరోజున, ఆఖరికి పళ్లు తోముకోకముందే. కుదిరిన సంబంధం చెడింది. ఒకరోజు చేనుగట్టు మీద పడిపోయి ఉంటే మోసుకొచ్చారు. ఇంక లాభం లేదని వైద్యం కోసం తిరగడం మొదలుపెట్టాను.

నాకు తెలిసిన దారి నేను వెతికాను. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మని అడిగాను. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచి, తర్వాత ఇంట్లోనే మాత్రలు వాడిస్తూ వారం వారం తీసుకురమ్మంది. డబ్బు పెద్దగా అక్కర్లేదు, ఓపిక కావాలి అంది. నాకు నచ్చింది. అమ్మ కూడా సరేనంది.

అప్పుడు సూర్రావు మావ వచ్చాడు. అమ్మ సొంత తమ్ముడు. విజయనగరంలో కాపురం, నలుగురిలో పలుకుబడి. "పెద్దాసుపత్రికా? ఊరంతా తెలిసిపోతాది. రేపు పిల్లనెవడిస్తాడే?" అని అమ్మని హడలగొట్టాడు. విజయనగరం అవతల మంచి సెంటరుందని, తన మనుషులే నడుపుతున్నారని, ఫోన్లో వీడియో చూపించాడు. తెల్ల దుప్పట్లు, యోగా, క్యారమ్ బోర్డు. "నానుండగా నీకేటి బెంగప్పా?" అని అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం.

ఒకసారి వెళ్లి చూసొద్దామని నేనన్నాను. అమ్మ కళ్లతోనే నా నోరు మూయించింది. మా ఇళ్లలో మేనమామ మాట ఇచ్చాక వెళ్లి చూడటమంటే ఆయన్ని పదిమందిలో దొంగని చేసినట్టే. తమ్ముడి చెవులు కుట్టించినప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకున్నది ఆ మావే. నాన్న పోయిననాడు వాడి తల నిమిరిందీ ఆయనే. అలాంటి మనిషిని అనుమానించడమా?

కొన్ని నెలల డబ్బు ముందే కట్టాలన్నారు. అమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయి. "మీరు కడితే ఎక్కువ గుంజుతారు, నా చేతిలో పెట్టండి, తగ్గించి కడతాను" అన్నాడు మావ. పెట్టాం. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత ఉంది. అది మా కోసమే పుట్టినట్టుంది.

వ్యాను వచ్చిన పొద్దుట తమ్ముడు తాగి లేడు. గొడవ కూడా చెయ్యలేదు. ఇద్దరు మనుషులు చెరో చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, వీధి మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. అమ్మ గుమ్మంలో ఉంది. వెళ్తున్న మనిషిని వెనకనించి పిలిస్తే పని చెడుతుందని కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. వాడు కాసేపు చూసి వ్యానెక్కాడు.

తర్వాత ఫోన్లు లేవు. ఇంటివాళ్ల గొంతు వింటే మనసు లాగుతుందని, మొదట్లో చూడటానికి కూడా రాకూడదని అక్కడి నియమమట. ఏ కబురైనా మావ ద్వారానే. "బొద్దుగా అయినాడే. సూస్తే మీరు పోల్చుకోలేరు" అనేవాడు. అమ్మ ఆ మాట పట్టుకుని వారాలు నెట్టుకొచ్చింది.

ఇంట్లో సుక్క మాత్రం మొరాయించింది. అమ్మ దాణా పెట్టింది, దూడని వదిలింది, బతిమాలింది, తిట్టింది. చుక్క పాలు రాలలేదు. దూడ పొదుగు కుమ్మి కుమ్మి విసిగిపోయేది. వట్టిపోయిందనుకుని అమ్మెయ్యమన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను పెరటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఎదురుగా అమ్మ. పక్కింటి పారోతమ్మ పిన్ని కూడా సాయానికొచ్చింది. మంచి ఎండ. ఎక్కడా అలికిడి లేదు. టీవీలు కూడా మోగడం లేదు, వీధిలో కరెంటు పోయింది.

"ఓ సుక్కా... దాయే... దా."

పెరటి తలుపు అవతలినించి వినిపించింది. చివర పైకి లేచి టక్కున ఆగింది. నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. నేను భ్రమపడ్డానేమో అనుకునేలోపు పారోతమ్మ పిన్ని, "ఓలమ్మా, మీవోడు వచ్చీసినాడేటే?" అంది. అమ్మ అప్పటికే లేచి, "వస్తన్నాన్రా నానా" అంటూ తలుపు తీస్తోంది.

బయట ఎవరూ లేరు. తలుపు అవతల కోసేసిన చేను, కనుచూపుమేర బోడిగా ఉంది. మనిషి దాక్కోవాలంటే కనీసం ఒక కుప్ప ఉండాలి కదా, అదీ లేదు. నేను గోడ చుట్టూ తిరిగి చూశాను.

వెనక్కి వచ్చేసరికి పిన్ని పశువుల సాలలోకి చూస్తూ నిలబడి ఉంది. సుక్క చెవులు నిక్కబొడుచుకుని తలుపు వైపు తిరిగి ఉంది. ఎవరి చెయ్యీ పడకుండానే దాని పొదుగు నుంచి పాలు నేల మీదికి కారుతున్నాయి.

అలవాటైన గొంతు చెవిన పడితే పశువు ఒంట్లో పాలు దిగుతాయని నాకు తెలుసు. చదువుకున్నదాన్నే. కానీ అందుకు గొంతంటూ ఒకటి ఉండాలి కదా. మా ముగ్గురి చెవుల్నీ కాదనుకున్నా, గేదె అబద్ధం చెప్పదు.

మావకి ఫోన్ చేశాను, రేపు వస్తున్నామని. ఆయన గొంతు మారిపోయింది. "ఏటే నీ తొందర? డాక్టరు ఊళ్లో లేడు. ఇప్పుడొస్తే కట్టిందంతా బూడిదలో పోసినట్టే" అన్నాడు. మర్నాడు మేం ఆయనకి చెప్పకుండానే విజయనగరం రైలెక్కాం.

వ్యాను మీద చూసిన పేరు చెప్పి అడుగుతూ వెళితే, ఆ సెంటరు పాత బియ్యం గోడౌను. వీడియోలో చూసిన ఇల్లు కాదు. గేటుకి లోపలినించి తాళం. లోపలున్న మేనేజరు మమ్మల్ని చూసి విసుక్కున్నాడు. "సూర్రావుగారు పంపిన కేసులకి ఇంటివాళ్లు రారు కదమ్మా. ఎన్నాళ్లైనా ఉంచీమని, ఇంటితో సంబంధం తెంపీమని ఆయనే అన్నారు. ఆయన వాటా ఆయనకి ఎప్పుడో ఇచ్చీసినాం. మళ్లీ మీరొచ్చి ఏటిది?" అన్నాడు.

తప్పు మాట్లాడుతున్నానని కూడా ఆ మనిషికి తెలీదు. మనిషికింత అని మావ వాటా తీసుకుంటున్న సంగతి మాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. అమ్మ ఆ గేటు ఊచలు పట్టుకుని, "నా తమ్ముడా? నా సూర్రావేనా?" అని రెండుసార్లు అడిగింది. కడుపున పుట్టినవాణ్ణి తోడబుట్టినవాడు అమ్ముకున్నాడని అలా వీధిలో నిలబడి విన్నది మా అమ్మ.

పోలీసులకి ఫోన్ చేస్తానని నేను అరిస్తే తాళం తీశారు. తమ్ముడు వెనక గదిలో ఉన్నాడు. పారిపోబోతే పట్టుకుని కట్టేశారట. మణికట్లు ఒరుసుకుపోయి చీము పట్టాయి. పెదాలు పగిలాయి. చర్మం పట్టి లాగితే అలాగే నిలబడిపోయింది, ఒంట్లో నీళ్లు లేవు. బొద్దుగా అయ్యాడన్న మావ నోరు పడిపోవాలని అక్కడే శపించాను. ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

ఆసుపత్రిలో చేర్పించాక రక్తపరీక్ష రిపోర్టు చూసి నమ్మలేక మళ్లీ చేయించాను. రెండోదీ అంతే. ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు దక్కేవి కావన్నారు. సెలైను ఎక్కుతుంటే తమ్ముడు అమ్మ వైపు చూడకుండా ఒక మాటన్నాడు. "ఆ దినం మలుపుకాడ నిలబడ్డాను. నువ్వొక్కసారి పిలుస్తావేమోనని సూసినాను." అమ్మ మంచి జరగాలనే పిలవలేదని చెప్పబోయింది. వాడు అటు తిరిగి పడుకున్నాడు.

పోలీసులు వెళ్లేసరికి గోడౌను ఖాళీ. కొన్నాళ్లకి మావ మా ఇంటికి వచ్చాడు, మంచికే చేశానని చెప్పడానికి. అమ్మ కూర్చోమనలేదు, మంచినీళ్లివ్వలేదు. "నా పిల్లలకి మేనమావ లేడు. ఎల్లు" అంది. ఆయన మెట్లు దిగుతూ నా వైపు చూశాడు, నేనేమైనా సర్దిచెబుతానేమోనని. తలుపేశాను.

తమ్ముడిప్పుడు పెద్దాసుపత్రి డాక్టరమ్మ మాత్రలే వాడుతున్నాడు. తాగడం లేదు. ఈ మాట రాయాలన్నా భయంగానే ఉంది.

వాడు కాస్త తేరుకున్నాక ఆ ఆదివారం సంగతి చెప్పాను. నీ పిలుపు ఇంతదూరం వినబడిందిరా, అందుకే వచ్చాం అన్నాను. ఏడుస్తాడేమో, ఆ మాటతో మా మీద కోపం కరుగుతుందేమో అని ఆశపడ్డాను.

వాడు వింతగా చూశాడు. "నానెక్కడ పిలిచినానప్పా? ఆ దినమంతా నా నోట్లో తువ్వాలు కుక్కీసి ఉన్నాది. కేక ఎలాగొస్తాది?"

పోనీ మనసులో తలుచుకున్నావేమో అన్నాను.

"నేదు. సుక్కనీ తలుసుకోనేదు, మిమ్మల్నీ తలుసుకోనేదు. వ్యానెక్కించింది మీరే కదా. సచ్చిపోనా మీ పేరెత్తకూడదనుకున్నాను" అని, పాలచెంబు తీసుకుని సాలలోకి వెళ్లిపోయాడు.

ఆ రోజు మా పెరట్లో పిలిచింది ఎవరో నాకు తెలీదు. ఎంత ఆలోచించినా తేలలేదు, ఇంక తేలదు కూడా. తమ్ముడు కాదన్నది మాత్రం నమ్ముతాను. పిలిస్తే వస్తామన్న నమ్మకం అప్పటికి వాడికి మా మీద లేదు.